నలభై పేజీల పుస్తకం

కుట్టు గది, మేడమీద
జనవరి 9

తమ్ముడికి,

నువ్వు కులాసాగానే ఉండి ఉంటావు. లేకపోతే ఈపాటికి ఫోన్ చేసి మూలిగేవాడివి. ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, ఫోన్‌లో నువ్వు "ఊఁ" అంటావు, "చూద్దాం" అంటావు, పెట్టేస్తావు. కాగితం మీద "ఊఁ" అని రాయడానికి నీకైనా సిగ్గేస్తుంది.

ఆదివారం పేపర్లో మాస్టారి ఫోటో వేశారు. నేను పదకొండేళ్ళు పాఠాలు చెప్పిన ఆ కుట్టు శిక్షణాలయానికి యాభై ఏళ్ళు నిండాయట. ఏప్రిల్‌లో సభ, మాస్టారికి సన్మానం. "కోత పుస్తకం పూర్తిగా నా చేతిపని, ఒక్క గీత కూడా ఇంకొకరు గీయలేదు" అని చెప్పాడట. ఒక్క గీత! అందులో ఉన్న ప్రతి గీతా ఈ చేత్తో గీసిందే. చదవగానే ఒళ్ళు మండిపోయింది. చేతిలో కత్తెర ఉంది, ఎదురుగా ఎవరిదో కోటు ఉంది. కోటు బతికిపోయింది.

నీకు తెలిసిన కథే, అయినా మళ్ళీ విను. ముందు వచ్చింది నలభై పేజీల పుస్తకం. అట్ట మీద నా పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో పర్యవేక్షణ అని మాస్టారి పేరు. వంద ప్రతులే వేశాం. నేర్చుకునేవాళ్ళు అందులోని నమూనా కాగితాలు కత్తిరించి గుడ్డ మీద పరుచుకోవాలి, దాని కోసమే చేసిన పుస్తకం. అందువల్ల ఒక్కటీ మిగల్లేదు. నా ప్రతిని కూడా నేనే పాఠం చెబుతూ ముక్కలు చేశాను. కత్తెర తగలకుండా ఉన్నది మీ లైబ్రరీకి ఇచ్చిన ప్రతి ఒక్కటే. నేను మానేశాక అదే పేరుతో రెండు వందల పన్నెండు పేజీల పుస్తకం వచ్చింది. అట్ట మీద మాస్టారి పేరొక్కటే.

ఆ చిన్న పుస్తకంలో ఇరవై మూడో పేజీ అడుగున ఒక గమనిక ఉంది. ఆ నమూనా నా ఒంటి కొలతలతో గీశానని, నా కుడి భుజం అర అంగుళం కిందికి ఉంటుందని, మామూలు భుజాలవాళ్ళు ఆ మేరకు పైకి గీసుకోవాలని. (చిన్నప్పుడు నువ్వు మెట్ల మీంచి తోసిన భుజమే. నాన్నతో "జారిపడింది" అన్నావు.) మాస్టారు నమూనా దించుకుని, గమనిక వదిలేశాడు. ఆ పేజీ నాకు కావాలి. సభలో ఆయన మొహం మీద పెట్టి చదవాలి.

మా బ్రాంచి లైబ్రరీకి వెళ్ళి కంప్యూటర్లో వెతికాను. 'కుట్టుపని' అని కొడితే నాలుగు పుస్తకాలు వచ్చాయి. 'దర్జీ పని' అంటే పదకొండు. 'దుస్తుల తయారీ' అంటే ఆరు. ఇంటికొచ్చి ఫోన్‌లో అదే మాట కొడితే పంతొమ్మిది. చివరికి నా పేరు కొట్టాను. ఒక ఫలితం ఉందని చూపించింది. నొక్కితే మాస్టారి లావు పుస్తకం తెరుచుకుంది, అందులో నా పేరు ఎక్కడా లేదు! లేనప్పుడు నా పేరు కొడితే దాన్ని ఎందుకు చూపించినట్టు? మీ కేటలాగుకి మతి పోయిందా? నలభై పేజీల ప్రతి ఎక్కడుందో చెప్పు.

నీ అక్క

*

కేటలాగు విభాగం, రెండో అంతస్తు
జనవరి 17

అక్కకి నమస్కారం.

పేపర్ నేనూ చూశాను. మాస్టారికి ఎనభై దాటాయి, ఆయన గురించి నేనేమీ అనను.

కేటలాగుకి మతి పోలేదు. నువ్వు ప్రతిసారీ వేరే ప్రశ్న అడిగావు, అది వేరే జవాబు చెప్పింది. పుస్తకం రాగానే అది దేని గురించో చూసి ఒక విషయ శీర్షిక కింద పెడతాం. నేను చేరకముందు ఇక్కడున్న పెద్దాయన సూది కనబడితే చాలు 'కుట్టుపని' అని రాసేవాడు. ఆయన తర్వాత వచ్చినావిడ 'దర్జీ పని' అంది. నేను 'దుస్తుల తయారీ' అన్నాను. పాతవాటిని తిరగరాసే తీరిక ఎవరికీ లేకపోయింది. ముగ్గురు మనుషులు మూడు బీరువాల్లో సర్దిన బట్టలు అనుకో. నువ్వు ఒక్క బీరువా తెరిచి మిగతావి ఏవని అడుగుతున్నావు.

కౌంటర్ దగ్గరి కంప్యూటర్ ఆ బ్రాంచిలో ఉన్నవే చూపిస్తుంది. ఫోన్ అన్ని బ్రాంచీలవీ చూపిస్తుంది. అందుకే ఆరు, పంతొమ్మిది. అలాగే పైనున్న పెట్టెలో 'అన్నీ' అని ఉంటే లోపలి గమనికల్లో మాటలు కూడా వెతుకుతుంది, 'రచయిత' అని ఉంటే పేర్లే చూస్తుంది. జనం ఆ పెట్టె చూడకుండా మమ్మల్ని తిట్టుకుంటారు.

నీ పేరు సంగతి. ఒకే పుస్తకానికి పొరపాటున రెండు రికార్డులు పడితే వాటిని కలిపేస్తాం. ఒకటి నిలుస్తుంది, ఒకటి పోతుంది. పోయినదాని ఆనవాళ్ళు బ్రాంచి సూచికలో ఒక్కోసారి ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. నువ్వు చూసింది అలాంటిదే అయి ఉంటుంది. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో పద్నాలుగు వేల జంట రికార్డులు కలిపాను. ఆ అధికారం అప్పుడు ఈ మొత్తం భవనంలో నాకొక్కడికే ఉండేది. ఇప్పటిదాకా ఒక్క ఫిర్యాదు రాలేదు.

ప్రతి గురించి చూస్తాను.

తమ్ముడు

*

కుట్టు గది
ఫిబ్రవరి 3

తమ్ముడికి,

బీరువాల పాఠం బాగుంది. నీకు ఇంత ఓపిగ్గా చెప్పడం వచ్చని యాభై ఏడేళ్ళకి తెలిసింది. కానీ "చూస్తాను" అనే మాట నీ నోట్లో ఎప్పుడూ "చూడను" అనే అర్థంతోనే ఉంటుంది, అది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

నిన్న మళ్ళీ బ్రాంచికి వెళ్ళి నా పేరు కొట్టాను. ఈసారి ఆ ఒక్క ఫలితం కూడా లేదు. 'ఏమీ దొరకలేదు' అని వచ్చింది. బతికుండగానే నా పేరు ఏమీ దొరకని పేరు అయిపోయింది!

అక్కడ కౌంటర్‌లో ఒక కళ్ళద్దాలావిడ ఉంటుంది. ఆవిడ కోటుకి పోయినేడు లైనింగ్ మార్చి ఇచ్చాను, నేనంటే ఇష్టం. ఆవిడ ఏవో మీటలు నొక్కి చూసి, "కిందటి నెల పద్దెనిమిదిన మెయిన్ లైబ్రరీ నుంచి ఎవరో దీన్ని శుభ్రం చేశారండీ. ఇరవై మూడేళ్ళుగా ఎవరూ ముట్టుకోని ముక్క. ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చిందో!" అంది.

నాకు అర్థమైంది. మాస్టారికి మీ భవనంలో ఎవడో మనిషి ఉన్నాడు. నేను వెతుకుతున్నానని తెలిసి, ఉన్న ఆనవాలు కూడా తుడిపించాడు. ఆ మనిషి ఎవడో కనుక్కో. పేరు చెప్పు చాలు, మిగతాది నేను చూసుకుంటాను. మాస్టారు దొంగిలించాడు, సరే, దొంగ ముఖం నాకు తెలుసు. చాటున నిలబడి నా పేరు తుడిచినవాడి ముఖం చూడాలి. వాడికి ఒక్క రోజైనా తల ఎత్తుకోలేకుండా చెయ్యకపోతే నేను కత్తెర పట్టడం మానేస్తాను.

అక్క

*

కేటలాగు విభాగం
ఫిబ్రవరి 14

అక్కా,

వదిలెయ్యరాదూ? అరవై రెండేళ్ళొచ్చాయి నీకు. ఇప్పుడు ఆయన్ని సభలో నిలదీసి ఏం సాధిస్తావు? సూచికలు అప్పుడప్పుడూ శుభ్రం చేస్తూనే ఉంటారు, దానికి కుట్రలు కట్టక్కర్లేదు.

ప్రతి గురించి రిజిస్టరు చూశాను. ఇరవై మూడేళ్ళ క్రితమే తీసివేశారు. 'అదనపు ప్రతి, చిరిగినది' అని రాసి ఉంది. అలా తీసివేసినవి కాగితపు మిల్లుకి పోతాయి. కాబట్టి వెతికి లాభం లేదు.

మే నెలాఖరుకి నేను రిటైర్ అవుతున్నాను. ఈ మూడు నెలలూ ప్రశాంతంగా గడిస్తే చాలు.

తమ్ముడు

*

కుట్టు గది
ఫిబ్రవరి 26

తమ్ముడికి,

"శుభ్రం చేస్తూనే ఉంటారు" అన్నావు. "తీసివేశారు" అన్నావు. ఎవరు? మీ భవనంలో మనుషులు లేరా, పనులు వాటంతటవే జరిగిపోతాయా?

కళ్ళద్దాలావిడ ప్రతి రికార్డుకీ ఒక చరిత్ర ఉంటుందని చెప్పింది. ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు దేంట్లో కలిసింది అన్నీ ఉంటాయట. నీకు ఇది తెలియనిదా? మరి బీరువాల గురించి అంత రాసి, ఈ చరిత్ర గురించి ఒక్క ముక్కా రాయలేదేం? ఆవిడ దాన్ని అచ్చు తీసి ఇచ్చింది. ఇప్పుడు నా మిషన్ మీద, సూదుల డబ్బా కింద ఉంది.

రెండు రికార్డులు. ఒకటి నలభై పేజీలు, నా పేరు. ఇంకోటి రెండు వందల పన్నెండు పేజీలు, మాస్టారి పేరు. మొదటిదాన్ని రెండోదాంట్లో కలిపారు. 'కారణం' అనే గడిలో 'ఒకే పుస్తకం' అని ఉంది. చేసినవాడి పేరు ఉండాల్సిన చోట అప్పటి పద్ధతిలో విభాగం పేరే ఉంది. 'కేటలాగు.'

ఆ అధికారం మొత్తం భవనంలో నాకొక్కడికే ఉండేది అని జనవరి పదిహేడున నువ్వే రాశావు. దర్జాగా రాశావు. ఆ మర్నాడే సూచిక శుభ్రమైంది.

నేను మాస్టారి మనిషి కోసం వెతుకుతున్నాను. ఉత్తరం నేరుగా అతనికే రాస్తున్నానని తెలియలేదు.

*

కేటలాగు విభాగం
మార్చి 4

అక్కా,

అది పొరపాటు. ఒకే పేరున్న పుస్తకాలు, రోజుకి రెండు వందల జంటలు చూసేవాణ్ణి. కళ్ళు అలిసిపోయి ఉంటాయి. జనవరిలో నీ ఉత్తరం చదివాకే అది నా చేతి మీదుగా జరిగిందని తెలిసింది. నీకు చెప్పడానికి మొహం చెల్లక సూచిక సరిచేశాను. క్షమించు.

*

కుట్టు గది
మార్చి 9

నువ్వు నాతో అబద్ధం ఆడు, పరవాలేదు, అలవాటే. చేతకాని అబద్ధం ఆడకు.

నేను నీ చొక్కాకి ఒక గుండీ వేరే దారంతో కుడితే గుమ్మం దాటకముందే పట్టుకున్నవాడివి. నలభైకీ రెండు వందల పన్నెండుకీ తేడా కనబడలేదా? ఒకదాని మీద సొంత అక్క పేరు ఉంటే కనబడలేదా? రాత్రి పూట చదివావా దాన్ని, దీపం లేకుండా?

ఎందుకు చేశావో రాయి. ఈసారి "జరిగింది" అనే మాట లేకుండా రాయి.

*

ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర
మార్చి 20

అక్కా,

చూసే చేశాను.

ఆ ఏడాది మా బైండింగ్ విభాగంలో పనిచేసే ఆమెతో నాకు పెళ్ళి అనుకున్నాం. నీకు గుర్తుంది. ఆమె కోటు కొలతలు ఇవ్వడానికి నీ దగ్గరికి వచ్చింది. "మీ తమ్ముడు ఎలాంటివాడండీ?" అని అడిగింది. నువ్వు నోట్లో గుండుసూదులు పెట్టుకుని, తల ఎత్తకుండా చెప్పావట. "మంచివాడే అమ్మా. అరవడు, చెయ్యి ఎత్తడు. కానీ ఎవరైనా ఒక మాట అంటే లోపల పెట్టుకుంటాడు. ఎన్నేళ్ళకైనా తీర్చుకుంటాడు. దానికి సిద్ధపడి చేసుకో."

ఆమె సిద్ధపడలేదు. వారం తర్వాత క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని ఈ మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా చెప్పి లేచి వెళ్ళిపోయింది. నేను మళ్ళీ ఎవరినీ అడగలేదు. ఈ వంటింట్లో ఇరవై మూడేళ్ళుగా ఒక్క కంచమే ఉంది.

ఆ తర్వాతి నెలలో నీ రికార్డు, మాస్టారిది జంటగా నా ముందుకొచ్చాయి. కలపకూడదని రూలు చెబుతూనే ఉంది. పేజీలు వేరు, రచయిత వేరు. నేను చాలాసేపు చూశాను. తర్వాత 'ఒకే పుస్తకం' అని కొట్టి మీట నొక్కాను. ఆ క్షణంలో హాయిగా అనిపించింది, దాచను. నువ్వు నా బతుకులోంచి ఒక మనిషిని తీసేశావు, నేను నిన్ను ఒక పుస్తకంలోంచి తీసేశాను అనుకున్నాను. కలిపాక నీ ప్రతి అదనపు ప్రతి అయిపోయింది. చిరగని పుస్తకాన్ని చిరిగిందని రిజిస్టరులో రాసింది కూడా నేనే.

మిల్లుకి వెళ్ళే బండిలోంచి మాత్రం దాన్ని తీసుకున్నాను. నాశనం చెయ్యడానికి చేతులు రాలేదు, నీకిచ్చి ఒప్పుకోడానికి మనసు రాలేదు. ఇన్నేళ్ళూ నా బట్టల బీరువాలో, అడుగున ఉంది. ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. ఒక్క పేజీ కూడా మడత పడలేదు.

నువ్వు ఆమెతో అన్నది తప్పని మాత్రం ఇప్పటికీ అనలేకపోతున్నాను. దాన్ని నేనే నిజం చేశాను కదా.

తమ్ముడు

*

కుట్టు గది
ఏప్రిల్ 15

తమ్ముడికి,

పుస్తకం అందింది. ముందు సభ సంగతి చెబుతాను, తర్వాత నీ సంగతి.

వేదిక మీద మాస్టారు, ఆయన పక్కన ఒక బొమ్మ. బొమ్మకి ఆయన పుస్తకంలోని నమూనాతో కుట్టిన నల్లకోటు. పాత టీచర్లు ఒక్కొక్కరూ రెండు మాటలు చెప్పాలన్నారు. నా వంతు వచ్చింది. సన్మానం చేసేవాళ్ళలాగే నవ్వుతూ ఎక్కాను.

"మాస్టారూ, ఎప్పటి నుంచో సందేహం. మన కోటుకి కుడి భుజం అర అంగుళం దిగి ఉంటుంది, ఎందుకండీ?"

"అది మన శిక్షణాలయం శైలి అమ్మా. పాతికేళ్ళుగా అంతే."

"ఎవరు పెట్టిన శైలి?"

"ఇంకెవరు, నేనే."

నేను శాలువా తీసేసి, జనానికి వీపు పెట్టి, బొమ్మ పక్కన నిలబడ్డాను. అంతే. నా భుజమూ దాని భుజమూ ఒకే వాలు. కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. వెనక వరసలోంచి ఎవరో పాత విద్యార్థి, "అమ్మో, పాతికేళ్ళుగా మా కస్టమర్లందరికీ టీచర్ గారి భుజం కుట్టి ఇస్తున్నామా!" అని గట్టిగా అంది. హాలు హాలంతా గొల్లుమంది. అప్పుడు ఇరవై మూడో పేజీ తీసి గమనిక చదివాను. అట్ట పైకెత్తి చూపించాను. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. "అది... అప్పట్లో అందరం కలిసి..." అన్నాడు. "ఒక్క గీత కూడా ఇంకొకరు గీయలేదన్నారు కదండీ" అన్నాను. శాలువా కప్పుకుని దిగిపోయాను. కొత్త ముద్రణ నా పేరుతో వేస్తామని ఆ సాయంత్రమే కార్యదర్శి ఇంటికొచ్చి చెప్పాడు.

ఎనభై ఏళ్ళ మనిషిని అందరిలో నవ్వులపాలు చేశానని నాకు ఇసుమంతైనా బాధ లేదు. రెండు రోజులు ఆకలి బాగా వేసింది.

ఇక నువ్వు. ఆయన పరాయివాడు. నా కష్టం కాజేశాడు, అంతే. నువ్వు నేను ఎత్తుకుని తిప్పినవాడివి. నీ ముందు నా పేరు వచ్చినప్పుడు చాలాసేపు చూసి మరీ నొక్కావు. ఆ "చాలాసేపు" నాకు మింగుడుపడటం లేదు.

పుస్తకాన్ని మీ లైబ్రరీకే మళ్ళీ ఇస్తున్నాను. దానికి కొత్త రికార్డు నువ్వే రాయాలి, రిటైర్ అయ్యేలోపు. ఒక్కో ప్రతి ఎవరి చేతుల్లోంచి వచ్చిందో రాసే గడి ఉంటుందని కళ్ళద్దాలావిడ చెప్పింది. ఆ గడిలో ఇది రాయి. ఎవరు కలిపారు, తెలిసే కలిపారని, ఆ మనిషి రచయిత్రికి ఏమవుతాడో. మూడూ ఉండాలి. రాయకపోతే ఆ అచ్చు కాగితం మీ డైరెక్టర్‌కి పోస్టు చేస్తాను.

అక్క

*

కేటలాగు విభాగం
మే 12

అక్కా,

రాసేముందు నిన్ను బతిమాలదామని నాలుగు ఉత్తరాలు మొదలుపెట్టి చింపేశాను. పద్నాలుగు వేలలో ఒక్కటి. మిగతావన్నీ నిజాయితీగా చేశాను. ఆ ఒక్కటే నా పేరు మీద మిగలాలా అని అడగాలనుకున్నాను. నువ్వేమంటావో తెలిసి మానేశాను.

రాశాను. డైరెక్టర్‌కి కూడా నేనే చూపించాను. ఆవిడ రెండుసార్లు చదివి, "అయితే మిగతా పద్నాలుగు వేలూ ఎలా నమ్మమంటారు?" అంది. ఇప్పుడు ఇద్దరు కొత్తవాళ్ళు నేను కలిపిన ప్రతి జంటనూ విడదీసి చూస్తున్నారు. నా బల్లకి ఎదురుగానే కూర్చుంటారు. నేను టీ తాగడానికి లేస్తే మాటలు ఆపేస్తారు. నువ్వు కోరుకున్నది ఇదే అయితే, నెరవేరింది.

గడిలో ఉన్నది ఇది:

'ఈ పుస్తకం రికార్డును ఇరవై మూడేళ్ళపాటు కేటలాగులో లేకుండా చేసినవాడు ఈ రికార్డు రాస్తున్న ఉద్యోగి. వేరే పుస్తకమని తెలిసే చేశాడు. అతను రచయిత్రి తమ్ముడు.'

నీ పేరుతో వెతికినా, మాస్టారి పేరుతో వెతికినా, మూడు శీర్షికల్లో దేనితో వెతికినా ఇప్పుడు ఇదే వస్తుంది. ఆ ఏర్పాటు నువ్వు అడగలేదు, నేనే చేశాను.

ముప్పై ఒకటిన సాయంత్రం నాలుగింటికి ఇక్కడ నాకు వీడ్కోలు సభ పెడుతున్నారు. డైరెక్టర్ రద్దు చేస్తుందనుకున్నాను, చెయ్యలేదు. ఇంటివాళ్ళకి రెండు కుర్చీలు వేస్తారు. నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు. వస్తావా?

తమ్ముడు

*

కుట్టు గది
మే 20

తమ్ముడికి,

చదివాను. బ్రాంచికి వెళ్ళి కౌంటర్ దగ్గర నిలబడే చదివాను. చాలా బాగుంది. ఇంటికి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను, అదీ రాస్తున్నాను, దాచడం నీ పద్ధతి గనక. ఏడ్చాను కదా అని ఒక్క అక్షరం తీసెయ్యమంటానేమో అనుకోకు. అది నేను పోయాక కూడా అలాగే ఉండాలి.

వస్తాను. ముందు వరసలో కూర్చుంటాను. అందరూ నీ గురించి చెప్పే మంచి మాటలన్నీ వింటాను, చప్పట్లు కొట్టమంటే కొడతాను. నన్ను మాత్రం మైకు దగ్గరికి పిలవకుండా చూసుకో. తమ్ముడు ఎలాంటివాడని ఎవరైనా అడిగితే నేను ఏం చెబుతానో నీకు తెలుసు.

అక్క